విల్మట్‌కు రెండు సమాధులు

హానిబాల్ ట్రెంబాత్ భార్య విల్మట్‌ను రెండుసార్లు పాతిపెట్టారు.

థిర్జా రెండు పేజీలనూ కంప్యూటర్ తెర మీద పక్కపక్కన పెట్టుకుని మూడోసారి చదివింది. ఎడమ పక్కది తూర్పున కారడన్ గనుల దగ్గరి చర్చి రిజిస్టరు. 1866 ఏప్రిల్ తొమ్మిది. విల్మట్, హానిబాల్ ట్రెంబాత్ భార్య. కుడి పక్కది సొంత ఊరు కార్న్‌విడ్డెన్ చర్చిది. 1891 ఫిబ్రవరి ఇరవై. విల్మట్, హానిబాల్ ట్రెంబాత్ భార్య.

ఈ హానిబాల్ నాన్న ముత్తాత కాదు, వేరే హానిబాల్ అయ్యుంటాడులే అని సరిపెట్టుకోవడానికి లేదు. పెళ్ళి కూడా ఆ తూర్పు చర్చిలోనే జరిగింది, 1862లో. వరుడి సొంతూరు కార్న్‌విడ్డెన్ అని రాసి ఉంది. వధువు విల్మట్ కీస్ట్. సాక్షులు ఆమె అన్న డిగోరీ, చెల్లెలు గ్రేస్. సంతకాలు రాక ఇద్దరూ ఇంటూ గుర్తులు పెట్టారు.

గ్రేస్ పేరు చూడగానే థిర్జా కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.

హానిబాల్ మరదలు గ్రేస్ గురించి కార్న్‌విడ్డెన్‌లో తెలియనివాళ్ళు లేరు. తూర్పున గనులు మూతపడి హానిబాల్ సొంతూరికి తిరిగొచ్చినప్పుడు వెంట భార్య ఒక్కతే వచ్చింది. అదే ఇంట్లో ఉంటూ వచ్చిన మరదలు రాలేదు. అమెరికా పోయిందన్నాడు. అమెరికాలో ఆమెను చూసినవాడు లేడు. ఊరి బయటి పాత గని బావిలో తోసేశాడని ఊరు తీర్మానించింది. నూట యాభై ఏళ్ళుగా అదే మాట. రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు ఆ రుజువు థిర్జా కళ్ళముందే ఉంది. 1891లో పోయింది విల్మట్ అయితే, 1866లో ఆ పేరుతో పాతిపెట్టింది ఎవరిని? చంపిన మరదల్ని పెళ్ళాం పేరు మీద మట్టిలో పెట్టేసి, బతికున్న పెళ్ళాంతో ఇక్కడికి వచ్చేశాడు. ఊరనుకున్నదే నిజం. బావి ఒక్కటే అబద్ధం.

"ఏమన్నా దొరికిందా?" వంటింట్లోంచి నాన్న అడిగాడు.

"ఏం లేదు నాన్నా. వేరే ట్రెంబాత్‌లు."

ఆమె రెండు పేజీలూ ప్రింటు తీసి, మడిచి, రోజూ ఊళ్ళో ఉత్తరాలు పంచే తన సంచి అడుగున పెట్టుకుంది. తరవాత వంటింట్లోకి వెళ్ళింది. నాన్న డెన్జిల్, లోపల కూర పెట్టి కాల్చే పేస్టీల కోసం బంగాళదుంపను గిన్నె మీద పట్టుకుని, పెన్సిల్ చెక్కినట్టు పలచగా చెక్కుతున్నాడు. ఎనభై నాలుగేళ్ళు వచ్చినా చెయ్యి వణకదు. ముప్పై ఏళ్ళు గనిలో చేసిన మనిషి.

కుర్చీ మీద సంచిలో ఎర్ర కోటు ఒకటి మడత పెట్టి ఉంది. ఊరి బ్యాండు కోటు. అరవై ఏళ్ళుగా తిరునాళ్ళకి ఆ కోటు వేసుకుని పెద్ద బాకా ఊదుతున్నాడాయన.

"రేపు ఉత్తరాలకి పోయేటప్పుడు ఇది బ్యాండు మాస్టారికి ఇచ్చెయ్యి."

"ఎందుకు?"

"శనివారం ఊరేగింపు ఆ బావి దాకా పోతుందట. అక్కడ కొత్త బోర్డు ఆవిష్కరిస్తారట. మా ముత్తాత హంతకుడని రాసిన బోర్డు ముందు నన్ను బాకా ఊదమంటావా?" ఆయన కత్తి ఆపకుండానే అన్నాడు. "గనిలో పని చేసే రోజుల్లో బావిలోకి దించే బోను కోసం వరసలో నిలబడేవాళ్ళం. నా ముందువాడు వెనక్కి చూసి, 'డెన్జిల్, నువ్వు ముందుకి రా నాయనా, నీ ముందు నిలబడాలంటే భయం' అనేవాడు. రోజూ ఎవడో ఒకడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి."

థిర్జా కోటు తీసుకుంది.

మంగళవారం పొద్దున సన్నటి తుంపర. గుట్ట మీద, ఇనప జాలీ బిగించిన గని బావి పక్కన, పెథరిక్ యూరెన్ రెండు కొయ్య స్తంభాలు పాతుతున్నాడు. థిర్జాతో పాటు బడిలో చదివినవాడే. వేసవిలో వచ్చే టూరిస్టుల్ని ఊళ్ళోవాళ్ళు చీమలంటారు. ఆ చీమల్ని వెంటేసుకుని, నల్లకోటు తొడుక్కుని, లాంతరు పట్టుకుని దెయ్యాల కథలు చెబుతూ ఊరంతా తిప్పుతాడు. బావి దగ్గరికి వచ్చాక గ్రేస్ కేక కూడా తనే వేస్తాడు.

"ఏమ్మా పోస్టమ్మా, నాకు ప్రేమలేఖలేమన్నా వచ్చాయా?"

"పళ్ళ డాక్టరు రాశాడు. ఆయన కూడా ప్రేమతో రాసినట్టు లేదు."

అతను నవ్వి, స్తంభానికి బద్ద ఆనించి నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకున్నాడు. బోర్డు గడ్డి మీద వెల్లకిలా పడి ఉంది. థిర్జా వంగి చదివింది. 'గ్రేస్ బావి. 1866లో హానిబాల్ ట్రెంబాత్ తన మరదలు గ్రేస్ కీస్ట్‌ను ఈ బావిలో తోసి చంపాడని చెబుతారు.'

"'చెబుతారు' అన్నది ఇంత చిన్నగా రాయించావేంట్రా?"

"అక్షరాలు పట్టలేదు."

"హానిబాల్ పట్టాడుగా. ఇంతకీ చెప్పేదెవరు?"

"నేనే. మంగళ, గురువారాలు, ఏడున్నరకి. వాన పడితే లేదు."

"నాన్న బ్యాండు కోటు వెనక్కిచ్చేస్తున్నాడు."

పెథరిక్ బద్ద కిందికి దించాడు. ఒక్క క్షణం మొహంలో వేళాకోళం పోయింది. "ముసలాయన మీద నాకేముంది థిర్జా? నూట యాభై ఏళ్ళ నాటి సంగతి కదా."

"నీకు నూట యాభై ఏళ్ళు. ఆయనకి రోజూ."

"నేను పుట్టించిన మాట కాదిది. ఆవిడ అన్న ఆస్ట్రేలియా నుంచి మన చాపెల్ పెద్దలకి రాయించిన ఉత్తరం నకలు నా దగ్గరుంది. 1874. 'మా గ్రేస్ ఆ ఇంట్లోనే ఉండేది, ఎనిమిదేళ్ళుగా జాడ లేదు, ఏమైంది' అని అడిగాడు. జవాబు లేదు. నువ్వు ఒక్క కాగితం తీసుకురా. ఆవిడ అమెరికా పోయిందనో, ఎక్కడో పెళ్ళి చేసుకుందనో, ఒక్కటంటే ఒక్కటి. శుక్రవారం లోపు తెచ్చావంటే ఈ బోర్డు నా చేత్తో నేనే పీకేస్తా. తమాషాకి అనట్లేదు."

థిర్జా చెయ్యి తెలియకుండానే సంచి మూతి మీదికి పోయింది. కాగితం అందులోనే ఉంది. ఒకటి కాదు, రెండు. అవి చూపిస్తే వీడు బోర్డు పీకడు. 'చెబుతారు' అన్న మాట పీకేస్తాడు.

"తుంపర పెద్దదయ్యేట్టుంది. రంగు తడవకుండా చూసుకో," అని వ్యాను ఎక్కింది.

ఆ రోజు బ్యాండు మాస్టారి ఇంటి ముందు వ్యాను ఆపింది. ఉత్తరాలు ఇచ్చింది. కోటు మాత్రం వెనక సీటు మీదే ఉంచేసింది.

బుధవారం తెల్లారి ఆఫీసులో ఉత్తరాలు విడదీస్తుంటే గులాబీ రంగు కవరు ఒకటి చేతికొచ్చింది. క్లారిస్ యూరెన్, చాపెల్ సందు. ఇంటి నంబరు రాయలేదు. ఆ సందులో క్లారిస్‌లు ఇద్దరు, నాయనమ్మ ఒకరు, మనవరాలు ఒకరు. కొత్తగా చేరినవాడైతే తల పట్టుకుంటాడు. ఈ ఊళ్ళో పేర్లు చూసి ఉత్తరాలు పంచితే సగం తప్పుడు గుమ్మాల్లో పడతాయి. అవే నాలుగు ఇంటిపేర్లు, తాతల పేర్లే మనవలకి. థిర్జా కవరు తిప్పింది. వెనక బంగారు రంగు కాగితంతో కత్తిరించి అతికించిన అంకెలు. 18. మనవరాలి అరలో పడేసింది.

ఇంకో మూడు ఉత్తరాలు విడదీశాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

పేరు చూడలేదు తను. అంకె చూసింది.

వ్యానులో కూర్చుని తలుపు వేసుకుని సంచి అడుగునుంచి కాగితాలు తీసింది. రిజిస్టరులో పేరు, తేదీ చూసి బెంబేలెత్తిపోయి, చివరి గడి చదవనే లేదు. వయసు గడి. 1866లో పాతిపెట్టిన విల్మట్ వయసు ఇరవై ఏడు. పెళ్ళినాటికి విల్మట్‌కి ఇరవై మూడు. నాలుగేళ్ళు కలిపితే సరిగ్గా సరిపోయింది. అంటే అక్కడ మట్టిలో ఉన్నది నిజంగా విల్మటే.

1891లో పాతిపెట్టిన విల్మట్‌కి నలభై ఏడు. ఉండాల్సింది యాభై రెండు.

పెన్ను కోసం వెతికితే దొరకలేదు. వేళ్ళ మీదే లెక్కపెట్టుకుంది. 1861 జనాభా లెక్కల్లో గ్రేస్ కీస్ట్, పదిహేడేళ్ళు, గని బయట సుత్తితో రాయి కొట్టే పిల్ల. అక్కడినుంచి ముప్పై ఏళ్ళు.

నలభై ఏడు.

ఆ రోజు ఉత్తరాలు అరగంట ఆలస్యంగా పంచింది. దారిలో చర్చి దగ్గర ఆగి, హానిబాల్ భార్య సమాధి మీది పలకరాయికి పట్టిన నాచును బొటనవేలితో గీకింది. రాతి మీద కూడా నలభై ఏడే. రెండు చోట్ల ఒకటే తప్పు ఎవరూ రాయరు. కానీ పెథరిక్ ఒప్పుకుంటాడా? ఆ రోజుల్లో వయసులెవరికి తెలుసు, నోటికొచ్చింది చెప్పేవాళ్ళు అంటాడు. అంకె చాలదు. ఎవరో ఒకరు చెప్పిన మాట కావాలి.

మనుషుల్ని పాతిపెట్టేది చర్చిలో. తప్పులు చెప్పుకునేది చాపెల్‌లో. గనివాళ్ళంతా చర్చి వదిలి, తమకి తాము కట్టుకున్న ఆ ప్రార్థన మందిరం మనుషులు. ఆ చాపెల్ మూసేసి పన్నెండేళ్ళయింది. ఇప్పుడది చీమలకి వారానికింతని అద్దెకిచ్చే ఇల్లు, వేదిక ఉన్నచోట వేణ్ణీళ్ళ తొట్టి పెట్టారు. చాపెల్ పుస్తకాలు చివరిదాకా పెత్తనం చేసిన ఎబెట్ ఆంగ్విన్ దగ్గరికి చేరాయి. పెథరిక్ మూడుసార్లు పోయి అడిగాడు. ఎలకలు తినేశాయంది.

సాయంత్రం టీ తాగుతుంటే థిర్జా అడిగింది. "నాన్నా, ఎబెట్ అత్తతో నువ్వెప్పుడైనా మాట్లాడావా?"

కన్నబిడ్డలున్నా లేకున్నా, కార్న్‌విడ్డెన్‌లో వయసు మళ్ళిన ఆడవాళ్ళంతా అత్తలే.

"లేదు. చాపెల్ నుంచి వచ్చేటప్పుడు నన్ను చూసి ఆగేది. ఏదో అడుగుతుందని రోడ్డు దాటేసేవాణ్ణి." డెన్జిల్ కప్పులో చెంచా తిప్పాడు. "గ్రేస్ గురించి కాక నన్నెవరేం అడుగుతారు?"

గురువారం ఎబెట్ వంటిల్లంతా కుంకుమపువ్వు వాసన. తిరునాళ్ళ బన్నుల కోసం పిండి పిసుకుతోంది. తొంభై ఒకటో ఏడు. వెన్ను వంగింది గాని మాట వంగలేదు.

"ఉత్తరం బల్ల మీద పెట్టు. చేతులకి పిండి."

"ఎబెట్ అత్తా, ఒక సంగతి అడగాలి."

"కుడిపక్కకి వచ్చి అడుగు. ఎడమ చెవి పన్జెయ్యదు."

థిర్జా కుడిపక్కకి వెళ్ళింది. "విల్మట్ సమాధిలో ఉన్నది ఎవరు?"

ఎబెట్ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. తరవాత ఒక్కో వేలికీ అంటిన పిండిని తీసి గిన్నె అంచుకి రాసింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు థిర్జా వైపు తిరిగింది.

"అడుగుతున్నది పోస్టమ్మా, ట్రెంబాత్ పిల్లా?"

"ట్రెంబాత్ పిల్ల."

"ఇన్నాళ్ళకి. అడిగిన ప్రతివాడూ గ్రేస్ ఏమైంది అని అడిగాడు. విల్మట్ ఎవరని ఒక్కడూ అడగలేదు. ట్రెంబాత్‌లైతే అసలు గడపే తొక్కలేదు."

"పుస్తకాలు ఎలకలు తినేశాయన్నారు కదా."

"పెథరిక్‌తో అన్నాను. వాడు నమ్మాడు. ఏది చెప్పినా నమ్మేవాడు కాబట్టే దెయ్యాలతో కాలక్షేపం చేస్తున్నాడు." ఆమె కుర్చీలో కూలబడింది. "మా ముత్తాత జేబెజ్ రాసిన పుస్తకం. మా తాత మా నాన్నకిచ్చాడు, మా నాన్న నాకిచ్చాడు. పరాయివాళ్ళడిగితే లేదనాలి. ఆ ఇంటివాళ్ళడిగితే చదివి వినిపించాలి. అదీ నాకు చెప్పింది. మీ నాన్న అడుగుతాడని నలభై ఏళ్ళు ఆగాను. నన్ను చూస్తే ఎద్దుని చూసినట్టు పక్కకి తప్పుకునేవాడు."

"అందులో ఏముంది అత్తా?"

"మీ నాన్నని తీసుకురా."

"మంచో చెడో చెప్పండి. ఆయన వయసుకి—"

"ఆయన వయసు నాకు తెలుసు. నాకంటే ఏడేళ్ళు చిన్న. రేపు నాలుగింటికి తీసుకురా. ఆ దెయ్యాలవాణ్ణి కూడా. నా కళ్ళు మసకలు, వాడి గొంతు బావుంటుంది."

ఇంటికొచ్చి చెబితే డెన్జిల్ రానన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తలుపు గడియకి నూనె వేస్తూ, వీపు ఇటు తిప్పే, "అనుమానంతో ఎనభై నాలుగేళ్ళు బతికాను, అలవాటయింది. నిజంతో బతకడం మళ్ళీ కొత్తగా నేర్చుకోలేను," అన్నాడు.

థిర్జా రెండు కాగితాలూ వంటింటి బల్ల మీద పరిచింది. రెండు సమాధుల సంగతి చెప్పింది. మొదట చూసి తనేం అనుకుందో కూడా దాచలేదు. ఆయన గడియ దగ్గరే నిలబడి విన్నాడు. ఆఖర్న ఆమె వయసు గడి మీద వేలు పెట్టింది.

"ఇది గ్రేస్ వయసు నాన్నా."

డెన్జిల్ వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. నూనె వేలి ముద్ర కాగితం అంచున పడింది.

"రేపు నాలుగింటికన్నావా?" అన్నాడు.

శుక్రవారం నలుగురూ ఎబెట్ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. డెన్జిల్ ఆదివారం కోటు వేసుకొచ్చాడు. పెథరిక్ గుట్ట మీంచి నేరుగా వచ్చాడు, బూట్లకి మట్టి. ఎబెట్ వాటివైపు ఒక్క చూపు చూస్తే బయట విప్పేసి మేజోళ్ళతో లోపలికి వచ్చాడు. ఆమె పిండి డబ్బాలోంచి గుడ్డ మూట ఒకటి తీసింది. విప్పితే నల్ల అట్ట పుస్తకం.

"ఎలకలు బాగా తిన్నాయి," అన్నాడు పెథరిక్.

"దారం పెట్టిన చోట తెరువు. చదువు."

అతను తెరిచి, గొంతు సవరించుకుని, బావి దగ్గర తీసే ఆ లోతు గొంతు తీశాడు. "'1891... మార్చి... మూడు—'"

"మామూలుగా చదువు నాయనా. ఇక్కడ చీమలెవరూ లేరు."

పెథరిక్ చెవులు ఎర్రబడ్డాయి. మామూలు గొంతుతో మళ్ళీ మొదలుపెట్టాడు.

"'1891 మార్చి 3. పెద్దల సభ. తలుపులు వేయడమైనది. సోదరుడు హానిబాల్ ట్రెంబాత్ లేచి నిలబడి చెప్పినది అతని మాటల్లోనే రాయడమైనది. నా భార్య విల్మట్ జ్వరంతో పోయి పాతికేళ్ళయింది. కారడన్ దగ్గర పాతిపెట్టాను. పోయిన నెల మీరందరూ వచ్చి మట్టి వేసింది ఆమెకి కాదు. ఆమె చెల్లెలికి. ఆమె పేరు...'" అతను ఆగాడు. పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "'ఆమె పేరు గ్రేస్.'"

డెన్జిల్ పుస్తకం మీదికి వంగాడు.

"మళ్ళీ చదువు," అన్నాడు డెన్జిల్.

పెథరిక్ మళ్ళీ చదివాడు.

"అయితే ఆ బావిలో..."

"బావిలో ఎవరూ లేరు డెన్జిల్ మామా." పెథరిక్ గొంతు చిన్నదైపోయింది. "ఆవిడ ఇక్కడే బతికింది. మీ ఇంట్లోనే."

డెన్జిల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తల రెండు చేతులతో తడుముకున్నాడు, ఏదో బరువు అక్కడ ఇంకా ఉందో లేదో చూసుకుంటున్నట్టు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని థిర్జా కంగారుగా ముందుకి వంగింది. ఆయన నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా, ఊపిరి తిరగనంతగా.

"మా నడవలో ఫొటో ఉంది చూడు. తల మీద తెల్ల బోనెట్టు, చేతిలో పొడుగు సుత్తి. ముత్తవ్వ అని మా నాన్న చెప్పాడు. రోజూ దాని కింద మేకుకే టోపీ తగిలిస్తాను. ఊరంతా ఎవర్ని వెతికిందో ఆవిడ కింద." కళ్ళు తుడుచుకున్నాడు. "హంతకుడి వంశం అన్నారు. చచ్చిపోయిందన్న ఆవిడ వంశమే మేం."

"ఎందుకు దాచారు అత్తా?" థిర్జా అడిగింది. కోపం తెచ్చుకుందామనుకుంది గాని రాలేదు. "ఈ ఒక్క ముక్క చెప్పుంటే..."

"పెళ్ళాం పోతే మరదల్ని చేసుకోకూడదు ఆ రోజుల్లో. చట్టం. అంటే గ్రేస్ కన్న నలుగురు పిల్లలూ పెళ్ళి కాని తల్లికి పుట్టినవాళ్ళన్నమాట. చాపెల్ పెద్దలు కూర్చుని తేల్చుకున్నారు. హత్య అంటే ఒక్క హానిబాల్ మోస్తాడు. ఇది బయటపడితే పిల్లలు మోస్తారు. ఏది చిన్నదో దాన్ని ఉండనిచ్చారు."

"హత్య చిన్నదా?" అన్నాడు పెథరిక్.

"అప్పట్లో చిన్నదే. పదహారేళ్ళకి చట్టం మారింది. అప్పటికి ముసలాయన పోయాడు. మా వాళ్ళు ఇచ్చిన మాట మీద ఉండిపోయారు. నేనూ ఉండిపోయాను. తప్పే అనుకో." ఆమె డెన్జిల్ ముందుకి బన్నుల పళ్ళెం జరిపింది. "నువ్వు మాత్రం రోడ్డు దాటకుండా ఉండాల్సింది."

"దాటకుండా ఉండాల్సింది," అని ఒప్పుకుని ఆయన ఒక బన్ను తీసుకున్నాడు.

పెథరిక్ పుస్తకం మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. "మామా, బోర్డు ఇప్పుడే పోయి పీకేస్తా."

"స్తంభాలు గట్టిగా పాతావా?"

"సిమెంటు పోశాను."

"అయితే వాటిని ఉండనీ. పలక మార్చు. ఆవిడ ఎన్నేళ్ళు బతికిందో రాయించు. ఈసారి అక్షరాలు పట్టేట్టు." డెన్జిల్ కూతురి వైపు తిరిగాడు. "ఆ కోటు ఇచ్చేశావా?"

"వ్యానులోనే ఉంది నాన్నా."

"నలిగిపోయుంటుంది. ఇస్త్రీ చెయ్యాలి." బన్ను తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రుచి తెలుస్తున్నట్టు మెల్లగా నమిలాడు. "ఇంకా ఉంది కదా పెథరిక్. ఆపేశావేం? ఆయన్ని పూర్తిగా చెప్పనీ."

పెథరిక్ పేజీ తిప్పాడు. ఈసారి అతని గొంతులో తన గొంతు ఏమీ లేదు.

"'అక్క పోయాక గ్రేస్ నా ఇంట్లోనే ఉంది. ఆమెకి వేరే ఇల్లు లేదు. పాదిరిగారి గుమ్మం ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. భార్య చెల్లెలంటే నీకూ చెల్లెలే, పెళ్ళి కుదరదు, పొమ్మన్నారు. ఆ ఏడాది గనులు మూతపడ్డాయి. ఇద్దరం నడిచి ఇక్కడికి వచ్చాం. గని ఆఫీసులో గుమస్తా మాకు ఇల్లు రాసిస్తూ నీ భార్య పేరేమిటన్నాడు. మోసం చెయ్యాలని నేను అనుకోలేదు. నాలుగేళ్ళుగా ఆ మాటకి ఒకటే జవాబు చెప్పిన నోరు. విల్మట్ అన్నాను. అనేశాక తెలిసింది. గ్రేస్ నా పక్కనే ఉంది, భుజం మీద సుత్తి, చేతిలో మూట. దిద్దుతుందేమోనని చూశాను. గుమస్తా తలెత్తి, నువ్వేనా అన్నాడు. నేనే అంది. అంతే. పాతికేళ్ళు ఆ పేరుకే పలికింది.

"'ఆమె అన్న దగ్గరినుంచి చాపెల్‌కి ఉత్తరం వచ్చిన రోజు ఆమె పనికి పోలేదు. మంచం అంచున కూర్చుని, బతికే ఉన్నానని ఒక్క ముక్క రాయించు అంది. నేను రాయించలేదు. పిల్లల పేరు పోతుందన్నాను. పోయేది నా పరువు. పిల్లల పేరు అడ్డం పెట్టుకున్నాను. ఆమెను బావిలో తోశానని ఊళ్ళో అంటుంటే నేను నోరెత్తలేదు. ఎందుకెత్తలేదని మీలో కొందరు అడిగారు. తోసిన మాట నిజమేననిపించేది. బావిలోకి కాదు. ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ నాకు చేసిన మేలు మీద ఒట్టు, వేరే ఏ పాపం నేను చెయ్యలేదు.

"'ఇంట్లో కూడా ఆమెను తన పేరుతో పిలవలేదు, పిల్లలు వింటారని. పోయే ముందురోజు నా చెయ్యి పట్టుకుని, ఒక్కసారి పిలువు అంది. పక్కగదిలో పెద్దమ్మాయి ఉంది. పిలవలేదు. చట్టం పాదిరిగారిది. పేరు తప్పు నా నోటిది. ఇది మాత్రం నేను తెలిసి చేసిన తప్పు. దీనికి మీరు ఏ శిక్ష వేసినా సరే. చెప్పేశాక ఊపిరి ఆడుతోంది. సోదరులారా, తలుపులు వేసే ఉన్నాయి కదా. నన్ను ఇప్పుడు పిలవనివ్వండి.

"'గ్రేస్.'"